బాకీల నోట్‌బుక్ ఆపేస్తే తప్పవుతుందా?

అడిగినవారు: గేజ్ మాస్టర్, విల్లివాక్కం

అందరికీ వందనాలు. కొంచెం పెద్ద పోస్టు, విసుక్కోకుండా చదవండి.

నాకు నలభై ఒక్కేళ్లు. మాది ఒంగోలు పక్క పల్లె. చెన్నై వచ్చి పదిహేడేళ్లయింది. రోజూ విల్లివాక్కంలో లోకల్ ఎక్కి పట్టరవాక్కంలో దిగుతాను, అక్కణ్నుంచి నడక. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ నా పని. బోర్ చేసిన, అంటే నడుమ రంధ్రం తొలిచిన, పీసులు ట్రేల్లో వస్తాయి. ప్లగ్ గేజ్ తీసుకుని ఒక్కోదాంట్లో దూర్చి చూడాలి. గేజ్‌కి రెండు కొసలు. 'గో' కొస లోపలికి దిగాలి, 'నో-గో' కొస దిగకూడదు. దిగిందంటే ఎర్ర ట్రేలో పడేయడమే. ఇరవై మిల్లీమీటర్ల బోర్ అంటే మా డ్రాయింగ్‌లో 20.000 నుంచి 20.021 దాకా ఒప్పుకుంటారు. పని గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే, నా భక్తి కూడా ఇదే పనైపోయింది.

పందొమ్మిదో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. అప్పట్నుంచి లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెడుతున్నాను. ఇప్పుడు నడుస్తున్నది పద్నాలుగోది. స్కేలు పెట్టి గీసిన గళ్లు. తెల్లవారుజాము ప్రార్థన ఎన్ని నిమిషాలు, బైబిల్ ఎన్ని అధ్యాయాలు, శుక్రవారం ఉపవాసం, ఆదివారం మందిరానికి ఎన్నింటికి చేరాను, దశమభాగం. చేసిందానికి నీలం టిక్కు, చేయనిదానికి ఎర్ర సున్నా. చివరి గడి పేరు బాకీ. ఈ రోజు ప్రార్థన ఇరవై నిమిషాలు తగ్గితే రేపటికి ఇరవై నిమిషాలు బాకీ. ఇలా రాయమని ఏ పాస్టరు గారూ నాకు చెప్పలేదు. మొదట్లో సంతోషంగానే రాసేవాణ్ని, ఆ మాట దాచను. ఎప్పుడు సంతోషం పోయి టెన్షన్ మిగిలిందో మాత్రం ఏ నోట్‌బుక్‌లోనూ రాసి లేదు.

2020 లాక్‌డౌన్‌లో మా యూనిట్ మూతబడింది. ఐదు నెలలు జీతం లేదు, తర్వాత చాలా కాలం సగం జీతమే. ఆ రోజుల్లో దశమభాగం ఇవ్వలేకపోయాను. నోట్‌బుక్‌లో మాత్రం రాసుకుంటూ వచ్చాను, జీతం పూర్తిగా వచ్చి ఉంటే ఇంత ఇచ్చేవాణ్ని కదా అని. రాని జీతానికి దశమభాగం! ఇప్పుడు టైప్ చేస్తుంటే నాకే నవ్వొస్తోంది, అప్పుడు రాలేదు. మా సంఘంలో ప్రతి జనవరిలో మలాకీ మూడో అధ్యాయం మీద వర్తమానం ఉంటుంది, దేవుని సొమ్ము దొంగిలించినవాళ్ల గురించి. అది నడిచినంతసేపూ నేను తల ఎత్తను. బాకీ పెరిగి పెరిగి ముప్పై వేలు దాటింది. పోయిన ఏడాది చీటీ పాడితే ముప్పై వేలు చేతికొచ్చాయి. మొత్తం కవర్లో పెట్టి కానుక పెట్టెలో వేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అప్పటికి అమ్మ కంట్లో శుక్లం ముదిరి ఆర్నెల్లు. నాన్న లేరు, అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది. ఒంగోల్లో ఆపరేషన్‌కి అన్నీ కలిపి ఇరవై రెండు వేలు చెప్పారు. ''మెల్లిగా చూద్దాంలేరా, నాకేం తొందర'' అంది. సరేనన్నాను.

ప్రతి ఏడాదీ అమ్మ గోంగూర పచ్చడి డబ్బా కట్టి మాధవరం వచ్చే బస్సులో పంపిస్తుంది. ఈసారి అన్నంలో కలుపుకుని తింటుంటే పంటికింద పుల్ల తగిలింది. ఇంకో ముద్దలో ఇంకోటి. మా అమ్మ ఆకు గిల్లిందంటే అందులో కాడ ముక్క ఒక్కటి ఉండేది కాదు. చిన్నప్పుడు నేను గిల్లిన ఆకు మళ్లీ తను ఏరుకునేది. ఆ పుల్లలు పళ్లెం అంచున పెట్టుకుంటూ పోయాను. ఏడు వచ్చాయి. ఏడూ అమ్మకి కనబడలేదు.

ఇక మా పాప. ఐదో తరగతి. ఇక్కడి బడి కాబట్టి తెలుగు మాట్లాడుతుంది కానీ రాయడం రాదు. పోయిన నెల దాని బ్యాగులో చిన్న నోటు పుస్తకం ఒకటి దొరికింది. నా స్కేలుతోనే గీసుకుంది. తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకుంది. అబద్ధం, టీవీ, ప్రార్థనలో నిద్ర, తమ్ముణ్ని కొట్టడం. చివరి గడి బాకీ. తమిళంలోనూ అదే మాట, పాక్కి అని రాసి బాక్కి అని పలుకుతారు. ''ఇది ఎంతైతే నరకానికి పోతారు నాన్నా?'' అని అడిగింది. భయపడుతూ కాదు, లెక్కల హోంవర్కులో డౌట్ అడిగినట్టు అడిగింది. అన్నీ లెక్కపెట్టేవాణ్ని, నా దగ్గర ఆ అంకె లేదు.

గలతీ పత్రిక, అదే పౌలు గలతీ సంఘాలకి రాసిన ఉత్తరం, ఐదో అధ్యాయం మొదటి వచనం నాకు కంఠతా వచ్చు. క్రీస్తు మనల్ని స్వతంత్రుల్ని చేశాడు, మళ్లీ దాస్యపు కాడి కింద చిక్కుకోవద్దు అని. గలతీ సంఘాల మీదికైతే సున్నతి చేయించుకోవాల్సిందేనని ఒత్తిడి చేసేవాళ్లు వచ్చిపడ్డారు. నా మీదికి ఎవరూ రాలేదు. కాడి నేనే చెక్కుకుని నేనే మెడకేసుకున్నాను. దించుదామంటే భయం. ఆపిన మర్నాడే ప్రార్థన మానేస్తానేమో, ఏడాదికోసారి క్రిస్మస్‌కి కనబడే బాపతు అయిపోతానేమో. మా డ్రాయింగ్‌లో ఇరవై ఒక్క మైక్రాన్ల సడలింపైనా ఉంటుంది. నా నోట్‌బుక్‌లో అదీ లేదు.

ఆపేయొచ్చా? ఇలాంటిది పెట్టి ఆపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాక్యం నాకూ తెలుసు, ఆపినవాళ్లు చెప్పండి.

జవాబు: ఆటో అన్న, వ్యాసర్పాడి

వందనాలు బ్రదర్. నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు.

నేను తాగుడు మానేసి పదకొండేళ్లు. ఎలా మానానంటే రూల్స్ పెట్టుకుని మానాను. టాస్మాక్ మందు షాపు ఉన్న ఒక వీధి ఉంది మా ఏరియాలో, దాంట్లోకి బండి తిప్పను. ఆ వీధికి బేరం వస్తే మెయిన్ రోడ్డు మీదే దింపుతానని ముందే చెప్తాను, ఇరవై రూపాయలు తగ్గించుకుంటాను. రోజు కలెక్షన్ సాయంత్రం ఏడింటికల్లా మా ఆవిడ చేతిలో పడాలి. బుధవారం, శుక్రవారం కూటం మానను. జేబులో వందకి మించి ఉంచుకోను. ఇవన్నీ చట్టాలే కదా? ఇవి లేకపోతే నేను ఈపాటికి మట్టిలో ఉండేవాణ్ని.

మధ్యలో ఒకసారి, ఐదో ఏడు అనుకుంటా, స్వేచ్ఛ గురించి బాగా మాట్లాడే ఒక బ్రదర్ పరిచయమయ్యాడు. కృపలో ఉన్నవాడికి ఈ భయాలెందుకు అన్నాడు. నిజమే కదా అనుకుని ఆ వీధిలోకి ఒక బేరం తీసుకెళ్లాను. మూడు రోజులు ఇంటికి రాలేదు. ఆ బ్రదర్ ఫోన్ కూడా ఎత్తలేదు.

మీరు చెప్పిన అధ్యాయంలోనే పదమూడో వచనం చూడండి. మీ స్వాతంత్ర్యాన్ని శరీరానికి సందు చేసుకోవద్దనీ, ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండమనీ ఉంది. మొదటి వచనం అందరికీ తెలుసు, పదమూడు దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. దశమభాగం ఇచ్చి తప్పు చేశారని నేననను, దేవుడికిచ్చింది ఎక్కడికీ పోదు. అమ్మగారి కన్ను మాత్రం ఆలస్యం చేయొద్దు. చెన్నై తీసుకొస్తే చెప్పండి. సెంట్రల్ నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి నా బండి. డబ్బుల మాట ఎత్తొద్దు.

జవాబు: ఓఎమ్మార్ అమ్మాయి

ముప్పై వేలు ఉన్న కవరు కానుక పెట్టెలో పడితే, ఇరవై నాలుగు గంటలు మీతో తిరిగే సంఘంలో ఒక్కరు కూడా ''ఎక్కడిదయ్యా ఇంత, ఇంట్లో అంతా బానే ఉందా'' అని అడగలేదా? నాకు ముందు ఆ కోపం.

నేను పెరిగిన సంఘంలో ఒంటి మీద బంగారం ఉంటే ప్రభువు బల్ల, అంటే మందిరంలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోనివ్వరు. మా అమ్మకి వాళ్ల నానమ్మ ఇచ్చిన ముక్కుపుడక ఉండేది. బాప్తిస్మానికి ముందు రోజు తీసేసింది. చిల్లు పూడిపోయింది, అద్దం ముందు నిలబడి అక్కడ వేలితో తడుముకోవడం నాకు గుర్తు. అదే సంఘంలో మా నాన్న పదిహేను సవర్ల కట్నం తీసుకుని పెళ్లి చేసుకున్నాడు. దానికి రూల్ లేదు. బంగారం ఒంటి మీదుంటే పాపం, బీరువాలో ఉంటే ఆస్తి. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కకట్టి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని యేసు తిట్టింది ఎవర్ననుకున్నారు?

ఆపినవాళ్లని అడిగారు కదా. నేను ఆపాను. అన్నీ ఆపాను. మూడేళ్లు మందిరం గడప తొక్కలేదు. ఇప్పుడు నెలకి రెండుసార్లు వెళ్తాను, చివరి వరసలో కూర్చుంటాను, కమ్మలు పెట్టుకునే వెళ్తాను. హాయిగా ఉందా అంటే ఏమో. ఆదివారం పొద్దున పదింటికి ఇంకా మంచం మీదే ఉంటే, ఎవరో ఇంటిపేరుతో పిలిచినట్టు ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

జవాబు: రిటైర్డు టీచరు, పెరంబూర్

నాయనా, నీ పుల్లల సంగతి చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నాకు డెబ్బై మూడు. ఇక్కడ తెలుగు మీడియం పిల్లలకి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. మాదీ ఒంగోలు ప్రాంతమే. అందుకని మన ఊరి సంగతే చెప్తాను, ఓపిక పట్టు.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారని ఒంగోలు బాప్టిస్టు ఇళ్లలో పుట్టినవాళ్లం వినని వాళ్లముండం. మా ముత్తవ్వ ఆ గుంపులో ఉందని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. రుజువేమీ లేదు, అందరి ముత్తవ్వలూ ఆ రోజే మునిగారంటారు. అంతకు ముందు రెండేళ్లు పెద్ద కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని పల్లెల జనానికి పని ఇచ్చాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం కలిశారన్న మాట రాకూడదని. ఆ కాలవే చెన్నైలో మన మధ్యగా పోతోంది. ఎమ్మార్టీఎస్ రైలు స్తంభాలు దాంట్లోనే నిలబెట్టారు, మనం ముక్కు మూసుకుని దాటుతాం.

ఆ తొలి రోజుల్లో కొత్తగా చేరినవాళ్లకి మూడు నియమాలుండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. ఇప్పటి చెవులతో వింటే ఇదీ ఒక ధర్మశాస్త్రమే కదా అనిపిస్తుంది. కానీ ఆనాటి మాదిగ పల్లె మనిషికి ఆదివారం, సోమవారం అనేవి ఎక్కడివి? కరణం కబురంపితే పోవాలి. ఆసామి పిలిస్తే పోవాలి. జాతరకి డప్పు కొట్టాలి, గొడ్డు చస్తే మోసుకుపోవాలి. ''ఇవాళ నేను రాను'' అనడానికి వాళ్ల నోటికి దొరికిన మొదటి మాట ఆదివారం. ఆ మాట అన్నందుకు దెబ్బలు తిన్నారు. అయినా అన్నారు.

మరి నా చిన్నప్పుడు? అదే ఆదివారం మా నాన్న చేతిలో బెత్తమైంది. పొయ్యి వెలిగించకూడదు, శనివారం వండిన చద్దే తినాలి. ఒక ఆదివారం మా చెల్లెలికి జ్వరమొస్తే అమ్మ కాసింత గంజి కాచింది. నాన్న వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు, తప్పు చేశాననే అనుకుంది. ముత్తాత మెడలో తాడు తెంపిన నియమమే అమ్మ మెడకి చుట్టుకుంది. నియమంలో అక్షరం మారలేదు.

గలతీ మూడో అధ్యాయంలో ధర్మశాస్త్రాన్ని బాలశిక్షకుడు అంటాడు పౌలు. నేను టీచర్ని కదా, ఆ మాట మనగురించేనని చాలాకాలం గర్వపడ్డాను. తర్వాత తెలిసింది, ఆ గ్రీకు మాటకి పంతులు అని కాదట అర్థం, పిల్లవాణ్ని బడికి తీసుకెళ్లి తెచ్చే దాసుడట. మా బడికి సైకిల్ రిక్షాలో పన్నెండు మంది పిల్లల్ని తెచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. ముక్కులు తుడిచేవాడు, కొట్టుకుంటే ఇద్దరికీ చెరొకటి వేసేవాడు, గేటు దగ్గర దింపి పోయేవాడు. చాలా మంచివాడు. అట్లాగని పాతికేళ్లొచ్చినవాడు ఇంకా ఆ రిక్షాలోనే కూర్చుంటానంటే ఎట్లా?

నీ ముప్పై వేల సంగతి. మార్కు ఏడో అధ్యాయం తెలుసు కదా. అమ్మానాన్నలకి పెట్టాల్సింది కొర్బాను అనేసి, అంటే దేవుడికి అర్పించేశాననేసి, వాళ్లకి చేయకుండా తప్పించుకునేవాళ్లని యేసు ఏమన్నాడో చదువు. నువ్వు తప్పించుకోవాలని చేయలేదు, అది నాకు తెలుసు. ఇంకోటి చెప్తాను, పూర్తిగా ధర్మశాస్త్రం ప్రకారమే. ద్వితీయోపదేశం పద్నాలుగో అధ్యాయం చివర చూడు. మూడో ఏట పదో వంతు ఊళ్లోనే ఉంచాలి, లేవీయులూ పరదేశులూ తండ్రిలేని పిల్లలూ విధవరాళ్లూ తిని తృప్తి పడాలని ఉంది. మీ అమ్మ విధవరాలు. లెక్క సరిగ్గా కట్టి ఉంటే ఆ కవర్లో ఆమెకీ వాటా ఉంది. నువ్వు లెక్కలో కూడా తప్పావు నాయనా.

ఆటో తమ్ముడు రాసింది నాకు చాలా నచ్చింది. ఆయన రూల్స్ ఒక్కటీ తీయమనను. ఒకటి గమనించావా, వాటిలో బాకీ గడి లేదు. ఆ వీధికి పోకూడదు, అంతే. నిన్న పోలేదు కదా అని ఇవాళ జమ పడదు. నీ పుస్తకంలో నన్ను భయపెట్టింది ఆ చివరి గడి ఒక్కటే. కొలస్సయి రెండో అధ్యాయంలో మన మీద ఉన్న రుణపత్రాన్ని సిలువకి మేకులతో కొట్టేశాడని ఉంటుంది. చేత్తో రాసిచ్చిన అప్పు కాగితమన్నమాట, మనవాళ్లు ప్రోనోటు అంటారే, అది. ఆయన కొట్టేసిన ప్రోనోటుని నువ్వు రోజూ రాత్రి కూర్చుని స్కేలు పెట్టి మళ్లీ రాస్తున్నావు.

పుస్తకం మానమని నేను చెప్పను. ఆ గడి కొట్టేయి. పాప పుస్తకంలో నువ్వు కొట్టేయకు, అది చూసి నేర్చుకున్నది నీ దగ్గర, నీది కొట్టేయడం చూడనీ.

జవాబు: గుంటూరు లూథరన్

ఆపినవాళ్లని పిలిచారు, నేను ఆ లెక్కలోకి రాను. బద్ధకం వల్ల మొదలుపెట్టనే లేదు.

రెండు మాటలు. మా లూథర్ గారు మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, అయినా ఏదో మిగిలిపోయిందని భయం. నోట్‌బుక్ లేదంతే, మిగతాదంతా మీరే. అదే మనిషి 1520లో క్రైస్తవ స్వాతంత్ర్యం మీద చిన్న పుస్తకం రాశాడు. క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడనీ, అదే క్రైస్తవుడు అందరికీ లోబడిన దాసుడనీ మొదట్లోనే రెండు మాటలూ పక్కపక్కన పెట్టాడు. గలతీ పత్రికనైతే తన భార్య కాతరీనా పేరు పెట్టి పిలుచుకునేవాడు, అంత ఇష్టం.

రెండోది, అన్నిటినీ ఆపిన సిస్టర్‌కి. పౌలు తనతో పనిచేసే తీతుకి సున్నతి చేయించడానికి ఒప్పుకోలేదు. తిమోతికి తనే చేయించాడు. మనిషి మారలేదు, కత్తి మారలేదు. తీతు విషయంలో, చేయించుకుంటేనే పూర్తి క్రైస్తవుడన్నారు, కుదరదన్నాడు. తిమోతి విషయంలో అక్కడి యూదుల మధ్య పని చేయాలి, సరే అన్నాడు. కమ్మలు పెట్టుకోవడం, తీయడం కూడా అట్లాంటిదేనేమో. ఎవరు ఎందుకు అడుగుతున్నారన్నది చూడాలి. మీ అమ్మగారి ముక్కుపుడక విషయంలో మాత్రం నేను మీ వైపే.

జవాబు: ఆటో అన్న, వ్యాసర్పాడి

టీచరమ్మా, బాకీ గడి లేదన్నారు. ఒకటుంది. మా పెద్దోడు తొమ్మిదిలో ఉన్నప్పుడు ఫీజు డబ్బులు తాగేశాను. వాడి చదువు ఆ ఏడాదే ఆగిపోయింది. ఇప్పుడు కొరియర్ బండి నడుపుతున్నాడు. నాన్నా అంటాడు, బాగానే మాట్లాడతాడు. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. అది ఏ కవర్లో వేయాలో మాత్రం తెలియలేదు.

మళ్లీ రాసింది: గేజ్ మాస్టర్, విల్లివాక్కం

అందరికీ వందనాలు. నెల దాటింది, మన్నించండి.

అమ్మని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తీసుకొచ్చాను. సెంట్రల్ బయట ఆటో అన్న చెప్పినట్టే నిలబడి ఉన్నారు. డబ్బులివ్వబోతే నా చేయి మడిచి జేబులో పెట్టారు. అన్నా, మీ ఆఖరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. దారిలో మీరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మతో మాత్రం మీ పెద్దోడి గురించి చాలా మాట్లాడారు. ఆమె ఇంకా అడుగుతోంది, ఆ పిల్లాడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారా అని.

ఆపరేషన్ ఖర్చు ఇక్కడ ఇంకో నాలుగు వేలు ఎక్కువే అయింది. మా ఆవిడ గాజులు కుదువ పెట్టాం. మూడు నెలలు దశమభాగం ఇవ్వలేనని పాస్టరు గారికి ముందే వెళ్లి చెప్పాను. చెప్పడానికి ముందు మందిరం చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ''అమ్మకి బాగాలేదని అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?'' అన్నారు. ఓఎమ్మార్ చెల్లెమ్మా, మీ కోపం గుర్తొచ్చింది. వాళ్లు అడగలేదు, నిజమే. నేనూ చెప్పలేదు.

బాకీ గడి కొట్టేశాను. అంత తేలిగ్గా కాదు. రెండు రాత్రులు పెన్ను పట్టుకుని కూర్చుని లేచిపోయాను. మూడో రాత్రి కొట్టేశాను, దానికీ స్కేలు తీసుకున్నాను, చేతి అలవాటు. పాప పక్కనే ఉంది. నరకానికి ఎంత అని అడిగావే, ఆ అంకె లేదమ్మా అన్నాను. నమ్మలేదు. ''పాస్ మార్కు లేకుండా ఎట్లా ఉంటుంది?'' అంది. దాని నోటు పుస్తకం ఇంకా బ్యాగులోనే ఉంది. పాత పదమూడు నోట్‌బుక్కులు పాత పేపర్లవాడికి వేసేద్దామంటోంది మా ఆవిడ. ఇంకా వేయలేదు. గేజ్ ఎన్ని పీసుల్లో దూరినా ఒక్క పీసునీ బాగుచేయలేదని నాకు పదిహేడేళ్లుగా తెలుసు. తెలిసినా ఎర్ర సున్నా పెట్టకుండా పడుకోవడం ఇంకా అలవాటు కావడం లేదు. వారానికి ఒకసారైనా తెల్లవారుజామున లేవడం తప్పుతోంది, టీచరమ్మ గారూ. భయపడినంత జారిపోలేదు. జారలేదని కూడా చెప్పను.

కంటి కట్టు విప్పాక అమ్మ మొదట చూసింది మా గోడలు. ''మీ ఇల్లు ఇంత మురిగ్గా ఉందేందిరా'' అంది.

కంట్లో చుక్కలు మొదటి వారం రోజుకి ఆరుసార్లు, రెండో వారం ఐదు, అట్లా తగ్గించుకుంటూ పోవాలి. ఆ పట్టిక పాప గీసింది, నా పద్నాలుగో నోట్‌బుక్ వెనక పేజీలో, స్కేలు పెట్టి. టిక్కులు కూడా అదే కొడుతోంది. మొన్న బడి నుంచి వచ్చి చూస్తే మూడు గంటల గడి ఖాళీగా ఉంది. నేను పనిలో ఉన్నాను, మా ఆవిడ నీళ్ల లారీ దగ్గర, అమ్మ నిద్రపోయింది. పాప ఎర్ర సున్నా పెట్టి, పుస్తకం పట్టుకుని నానమ్మ దగ్గరికెళ్లి, ''రేపు ఏడుసార్లు వేయాలా?'' అని అడిగిందట.

''రేపు కూడా ఆరే. ఇప్పుడొకటి వెయ్యి, రా'' అని అమ్మ తల వెనక్కి వాల్చిందట.